బిబ్బుల్‌మన్ ట్రాక్: దారిలోని చిన్న ఊళ్లు, నూంగార్ వారసత్వం, నడిచేవాళ్లు తెలుసుకోవాల్సినవి

మీరు మూడు విషయాలు అడిగారు. పెర్త్‌లో ఉంటున్న మీ కుటుంబం బిబ్బుల్‌మన్ ట్రాక్‌లో ఏ ముక్క నడిస్తే బాగుంటుంది, దారిలోని చిన్న ఊళ్లలో ఏం దొరుకుతుంది, ఆస్ట్రేలియా మూలవాసులైన అబోరిజినల్ ప్రజల పురాతన స్థలాలు ఎక్కడెక్కడ చూడొచ్చు అని. మూడోదానితోనే మొదలుపెడతాను. దాని జవాబు తెలిస్తే మిగతా రెండూ వేరుగా ఆలోచిస్తారు.

ఈ బాట వేల ఏళ్ల నాటి అబోరిజినల్ కాలిబాట అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం అడవిలో గీసిన నడకదారి ఇది. 1970లలో ఆలోచన పుట్టింది, 1979లో తెరిచారు, 1998లో దాదాపు మొత్తం కొత్తగా మళ్లించి ఆల్బనీ దాకా పొడిగించారు. ఇప్పుడు పెర్త్ కొండల్లోని కాలముండా నుంచి దక్షిణ తీరంలోని ఆల్బనీ వరకు సుమారు 1,000 కిలోమీటర్లు. దక్షిణ అడవుల్లో ఉండే బిబ్బుల్‌మన్ ప్రజలు కలయికల కోసం, ఆచారాల కోసం చాలా దూరాలు నడిచేవాళ్లు కాబట్టి వాళ్ల పేరు పెట్టారు. బాట కొత్తదే. అది దాటే నేల మాత్రం మొదటి అడుగు నుంచి చివరి అడుగు వరకు నూంగార్ ప్రజలది, అంటే ఈ నైరుతి మూలలోని అబోరిజినల్ ప్రజలది. వాళ్లలో శాఖలున్నాయి. కాలముండా వైపు వాడ్జుక్ నూంగార్లు, డ్వెలింగప్ చుట్టూ బింజరెబ్, కాలీ దగ్గర వీల్మన్, కారీ అనే ఎత్తైన చెట్ల అడవుల్లో బిబ్బుల్‌మన్, డెన్మార్క్ నుంచి ఆల్బనీ దాకా మెనాంగ్. ఈ హద్దులు మ్యాపు మీద గీత గీసినట్టు ఉండవు, ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి.

అందుకని గుడులు, గోపురాలు, శిలాశాసనాల్లాంటివి వెతుక్కుంటూ వెళ్తే ఏమీ కనిపించవు. ఇక్కడి వారసత్వం నదీ మడుగుల్లో, గ్రానైట్ బండల మీది నీటి గుంటల్లో, ఇసుకలో పడి ఉన్న రాతి పెచ్చుల్లో, చెట్ల మీది గాట్లలో ఉంటుంది. చాలా చోట్ల బోర్డులు ఉండవు. కావాలనే పెట్టలేదు. రాష్ట్ర ప్రభుత్వ వారసత్వ రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, కానీ అందులో కూడా కొన్ని స్థలాల కచ్చితమైన చోటు బయటపెట్టరు. వాటిని వెతికి పట్టుకోవాలని ప్రయత్నించకండి. బాట మీద ఉండి చూడగలిగేది చాలా ఉంది.

ముందు బండల సంగతి. పెర్త్‌కి దక్షిణాన మొనాడ్‌నాక్స్ క్యాంపు నుంచి మౌంట్ కుక్ దాకా బాట పెద్ద పెద్ద గ్రానైట్ బండల మీదుగా పోతుంది. మౌంట్ కుక్ 582 మీటర్లు, డార్లింగ్ రేంజ్‌లో అన్నిటికన్నా ఎత్తు. ఇలాంటి బండల మీద సహజంగా ఏర్పడిన నీటి గుంటల్ని నూంగార్లు చూసుకునేవాళ్లు. జంతువులు పాడుచేయకుండా, నీళ్లు ఆవిరి కాకుండా పలక రాళ్లు కప్పేవాళ్లు. వాటిని నామా గుంటలంటారు. ఇంకొకటి బల్లి ఉచ్చు. ఒక పలకరాయిని చిన్న రాళ్లతో కాస్త పైకి ఎత్తిపెడతారు. కింద ఇరుకు నీడలోకి బల్లులు దూరి దాక్కుంటాయి, తరువాత వచ్చి పట్టుకుంటారు. తెలియనివాళ్ల కంటికి అది బండ మీద పడున్న మామూలు రాయే.

ఈ బండల మీద ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. ఫోటో కోసం రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం, కూర్చోవడానికి పలక జరపడం, పిల్లలు రాయెత్తి కింద ఏముందో చూడడం. ఎవరో వందల ఏళ్ల కింద పెట్టిన రాయి ఒక్క నిమిషంలో చెదిరిపోతుంది, అది మళ్లీ ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు. దాని కింద బతికే తొండలకీ, బండకి పట్టుకున్న నాచుకీ కూడా దెబ్బే. ఆ నాచు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి మీ పిల్లలకి ఒక్కటే నియమం చెప్పండి: బండ మీద ఏ రాయినీ కదపొద్దు, నాచు లేని నున్నటి రాతి మీద నడవాలి. గుంటల్లో చేతులు కడగొద్దు. సబ్బు, సన్‌స్క్రీన్, దోమల మందు ఆ కాస్త నీటిలో కలిస్తే అందులోని ప్రాణులు చచ్చిపోతాయి.

నదుల దగ్గర, తీరంలోని ఇసుక దిబ్బల దగ్గర తెల్లటి క్వార్ట్జ్ పెచ్చులు అంచు పదునుగా కనిపించొచ్చు. రాతి పనిముట్లు చేసినప్పుడు రాలినవి అయి ఉండొచ్చు. ఏరుకోకూడదు, వేరే చోట పెట్టకూడదు. పురావస్తు శాస్త్రానికి ఆ పెచ్చు ఎంత ముఖ్యమో అది పడి ఉన్న చోటూ అంతే ముఖ్యం. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1972 నాటి అబోరిజినల్ హెరిటేజ్ చట్టం కింద ఇలాంటి స్థలాన్ని తవ్వడం, చెడగొట్టడం, మార్చడం నేరం. 2020 మేలో రాష్ట్రం ఉత్తరాన ఉన్న పిల్బరాలో ఇనుప ఖనిజ గని కోసం జూకాన్ గార్జ్ రాతి గుహల్ని పేల్చేశాక రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. అది 2023 జులైలో అమల్లోకి వచ్చి కొన్ని నెలలకే రద్దయింది. 1972 చట్టమే సవరణలతో తిరిగి వచ్చింది. మధ్యలో జరిగిన గొడవ విని "ఇప్పుడు చట్టం లేదట" అనుకునేవాళ్లున్నారు. ఉంది. కొత్తగా ఏదైనా కనబడిందనిపిస్తే ఉన్నచోటే ఉంచి, ఒక ఫోటో తీసి, చోటు రాసుకుని రాష్ట్ర ప్లానింగ్, ల్యాండ్స్, హెరిటేజ్ శాఖకి చెప్పండి. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో లొకేషన్‌తో పెట్టొద్దు. ఎముకలు కనబడితే మాత్రం ఏమీ ముట్టుకోకుండా పోలీసులకి ఫోన్ చేయాలి.

దారి గుర్తు గురించి కూడా చెప్పాలి. పసుపుపచ్చ త్రికోణంలో నల్లటి పాము బొమ్మ. అది వాగల్, నూంగార్ల విశ్వాసంలో నదుల్నీ మడుగుల్నీ సృష్టించిన మహాసర్పం. దీన్ని అలంకారం కోసం వేసిన బొమ్మగా చూడొద్దు. లోతైన మడుగులు, ఊటలు ఈ విశ్వాసంలో ప్రత్యేకమైన చోట్లు. కాలీ ఊరి అంచున మినినప్ మడుగు అలాంటిదే. ముఖం మీద వెంట్రుకలున్న సర్పం ఆ నదిని సృష్టించి అక్కడ విశ్రాంతి తీసుకుందని నూంగార్లు చెప్తారు. నీళ్లలోకి దిగే ముందు గుప్పెడు ఇసుక తీసి నీటిలో వేసి, వచ్చామని చెప్పుకోవడం ఆచారం. స్థానికులు చెయ్యమంటే మీరూ చేయండి, గౌరవంగా ఉంటుంది. ఎవరూ లేనప్పుడు కెమెరా ముందు ప్రదర్శనలా చేయొద్దు. ఇక గుర్తుల విషయంలో ఆచరణ ఏమిటంటే, పది పదిహేను నిమిషాలు నడిచినా వాగల్ కనబడకపోతే ముందుకి పోకుండా చివరి గుర్తు దాకా వెనక్కి రండి. కట్టెలు తరలించే జీపు రోడ్లు బాటని చాలాచోట్ల దాటతాయి, తప్పిపోయేవాళ్లు ఎక్కువగా అక్కడే తప్పిపోతారు. ముండా బిడ్డి అనే సైకిల్ బాట కూడా మధ్యలో తగులుతుంది, దాని గుర్తు వేరు.

ఎప్పుడు వెళ్లాలి అన్నదానికి నూంగార్ల ఆరు రుతువుల్ని పట్టుకుంటే నాలుగు రుతువుల క్యాలెండరు కన్నా బాగా ఉపయోగపడుతుంది. బిరాక్ డిసెంబరు, జనవరి. బునురు ఫిబ్రవరి, మార్చి. రెండూ ఎండలే, కార్చిచ్చు కాలం. ఆ నెలల్లో పిల్లలతో ఈ బాట ఎక్కొద్దు. జెరాన్ అంటే ఏప్రిల్, మే. రాత్రుళ్లు చల్లబడతాయి, మంచు బిందువులు కనబడతాయి, దక్షిణ తీరంలో సాల్మన్ చేపల గుంపులు వస్తాయి. నడకకి చాలా మంచి కాలం, కాకపోతే వేసవి తర్వాత ట్యాంకుల్లో నీళ్లు తక్కువగా ఉండొచ్చు. మకురు, జూన్ జులై, వానలు. జిల్బా, ఆగస్టు సెప్టెంబరు, వాన ఎండ కలిసి పూలు మొదలవుతాయి. కంబరాంగ్, అక్టోబరు నవంబరు, పూలు విరగబూస్తాయి, పాములు కూడా చలినిద్ర నుంచి బయటికొచ్చి బాట మీద ఎండ కాచుకుంటాయి. నా లెక్కలో కుటుంబానికి ఏప్రిల్ చివర నుంచి మే, లేదా సెప్టెంబరు. పూలు కోయొద్దు. ఇక్కడి అడవి పూలు చట్టం రక్షణలో ఉన్నాయి.

మకురు, జిల్బా నెలల్లో నార్త్‌క్లిఫ్, వాల్‌పోల్ మధ్య పింగరప్ మైదానం నీట మునుగుతుంది. డాగ్ పూల్, మౌంట్ చాన్స్, వూల్‌బేల్స్ క్యాంపుల మధ్య మోకాలి లోతు, ఒక్కోసారి అంతకన్నా లోతు నల్లటి నీళ్లలో గంటల తరబడి నడవాలి. అనుభవం ఉన్న పెద్దవాళ్లకే అది.

ఇప్పుడు ఊళ్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి చెప్తాను. దూరాలన్నీ సుమారుగానే.

కాలముండా నుంచి డ్వెలింగప్ దాకా 210 కిలోమీటర్లు. మొత్తం బాటలో ఊరు లేని అతి పొడవైన ముక్క ఇదే, పైగా మొదట్లోనే వస్తుంది. మామూలు వేగంతో పది, పన్నెండు రోజులు. పొడి తిండి మనిషికి రోజుకి 700 నుంచి 800 గ్రాములు వేసుకుంటే ఎనిమిది కిలోలు భుజాల మీద మోయాలి. మధ్యలో ఆధారం ఒక్కటే. ఆల్బనీ హైవేని బాట దాటే చోట, గ్రింగర్ క్రీక్ క్యాంపు దగ్గర నార్త్ బానిస్టర్ రోడ్‌హౌస్ ఉంది. బండ్లు ఆగే చోటు కాబట్టి వేడి తిండి, చల్లటి డ్రింకులు, కొన్ని సరుకులు దొరుకుతాయి. శాకాహారులు దాని మీద పూర్తిగా ఆధారపడొద్దు.

డ్వెలింగప్ జారా చెట్ల అడవిలోని కలప ఊరు. 1961 జనవరి చివర్లో కార్చిచ్చు ఈ ఊరిని కాల్చేసింది. ప్రాణనష్టం జరగలేదు, కానీ చుట్టుపక్కల హోలీయోక్, నంగా లాంటి మిల్లు ఊళ్లు మళ్లీ లేవలేదు. ఇప్పుడు అక్కడ అడవిలో ఇంటి పునాదులు, నాటిన పండ్లచెట్లు మాత్రమే కనబడతాయి. ఈ ప్రాంతం వారసత్వం అంటే ఇవి కూడా. ఊరి నుంచి పడమటికి కొద్ది దూరంలో, ముర్రే నది దిగువన పింజారా ఉంది. 1834 అక్టోబరు 28న గవర్నర్ జేమ్స్ స్టిర్లింగ్ నాయకత్వంలో సాయుధ దళం అక్కడ బింజరెబ్ నూంగార్ల శిబిరం మీద దాడి చేసి ఆడవాళ్లతో, పిల్లలతో సహా చంపింది. మృతుల సంఖ్య మీద ఆనాటి ఇంగ్లిషు రికార్డులకీ నూంగార్ల జ్ఞాపకానికీ పెద్ద తేడా ఉంది. మీరు బాట మీద దాటేది అదే నది ఎగువ భాగం, ఇది తెలిసి దాటాలి. 2015లో పాత చెక్క రైలు వంతెన కార్చిచ్చులో కాలిపోయింది. దాని బదులు 2020లో తెరిచిన వేలాడే వంతెనకి నూంగార్ భాషలోనే పేరు పెట్టారు, బిల్యా జెనా బిడ్డి.

డ్వెలింగప్ నుంచి కాలీ 120 కిలోమీటర్లు. కాలీ బొగ్గు గనుల ఊరు. ఈ బాట మీద పెద్ద సూపర్ మార్కెట్టు, వైద్యం దొరికే కొద్ది ఊళ్లలో ఒకటి. ఇక్కడి నుంచి బాలింగప్ 85 కిలోమీటర్లు. మధ్యలో మంబలప్ దగ్గర బాట పక్కనే ఒక టావెర్న్ తగులుతుంది. తెరిచే వేళలు ముందే కనుక్కోండి, మూసి ఉన్న తలుపు ముందు ఆకలితో నిలబడితే లాభం లేదు. బాలింగప్‌లో చిన్న కిరాణా, కేఫ్‌లు. అక్కడి నుంచి 60 కిలోమీటర్ల దూరంలో డొనెలీ రివర్ విలేజ్. కలప మిల్లు 1978లో మూతపడ్డాక సెలవుల ఊరుగా మారింది. పాత కార్మికుల ఇళ్లే అద్దెకిస్తారు. కంగారూలు ఇళ్ల మధ్యే తిరుగుతాయి, మన రొట్టె, బిస్కట్లు పెట్టొద్దు, వాటికి దవడ జబ్బు చేస్తుంది.

అక్కడి నుంచి పెంబర్టన్ 105, పెంబర్టన్ నుంచి నార్త్‌క్లిఫ్ 60. కారీ చెట్ల రాజ్యం ఇదంతా. నార్త్‌క్లిఫ్ 1920లలో బ్రిటన్ నుంచి తెచ్చిన కుటుంబాలకి అడవి పంచి పొలాలు చేయించాలనుకున్న పథకంలో పుట్టిన ఊరు. ఆ పథకం చాలామంది నడుం విరిచింది. 2015లో ఇక్కడ లక్ష హెక్టార్లకి దగ్గరగా అడవి తగలబడింది. నార్త్‌క్లిఫ్ నుంచి వాల్‌పోల్ 140 కిలోమీటర్లు, మధ్యలో ఊరేమీ లేదు. సామాన్లన్నీ నార్త్‌క్లిఫ్‌లోనే సర్దుకోవాలి.

ఈ ఊళ్ల చరిత్ర బోర్డులు చదివితే మిల్లులు, రైళ్లు, వలస రైతులు కనబడతారు, నూంగార్లు కనబడరు. కారణం ఉంది. 1905 నాటి అబోరిజినీస్ చట్టం కింద కుటుంబాల్ని ఊళ్ల నుంచి తరలించారు, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కున్నారు. కటానింగ్ దగ్గరి కారొలప్, పెర్త్‌కి ఉత్తరాన మూర్ రివర్ లాంటి చోట్లకి పంపారు. బోర్డు మీద పేరు లేనంత మాత్రాన మనుషులు లేరని కాదు. 2016లో రాష్ట్ర పార్లమెంటు నూంగార్లని ఈ నేల సంప్రదాయ యజమానులుగా చట్టంలో గుర్తించింది. 2021 ఫిబ్రవరి 25 నుంచి సౌత్ వెస్ట్ నేటివ్ టైటిల్ (మూలవాసుల భూమి హక్కు) ఒప్పందం అమల్లో ఉంది. దాని కింద ఆరు ప్రాంతాలు ఏర్పడ్డాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి బాట వాటిలో నాలుగు దాటుతుంది: వాడ్జుక్, నాలా కార్లా బూజా, సౌత్ వెస్ట్ బూజారా, వాగల్ కైప్ సదరన్ నూంగార్. ఫలానా ప్రాంతం గురించి ఎవరినడగాలి అన్నది ఇక్కడే తేలుతుంది. ఆ ప్రాంతపు సంస్థనే అడగాలి. మెనాంగ్ విషయం పెర్త్ మనిషి నోట వినడం వాళ్ల మర్యాదకి విరుద్ధం.

మాట్లాడేటప్పుడు నూంగార్ అనండి, అబోరిజినల్ అన్నా తప్పులేదు. అబోరిజినల్ అన్న మాటని కుదించి పొట్టి చేసి పలికితే తిట్టుతో సమానం, ఆస్ట్రేలియన్లు కొందరు వాడినా మీరు వాడొద్దు. పలకరింపుకి "కయా" చాలు. చనిపోయినవాళ్ల పేర్లు, ఫోటోలు కొన్ని కుటుంబాలకి బాధ కలిగిస్తాయి కాబట్టి అడిగి తీయండి.

వాల్‌పోల్ నుంచి డెన్మార్క్ 125 కిలోమీటర్లు, మధ్యలో పీస్‌ఫుల్ బే. కుటుంబానికి నేను సూచించే ముక్క ఇక్కడే ఉంది: వాల్‌పోల్ నుంచి పీస్‌ఫుల్ బే దాకా, నాలుగు రోజులు, మూడు రాత్రులు. ఫ్రాంక్‌లాండ్ రివర్, జెయింట్స్, రేమ్ హెడ్ క్యాంపుల్లో పడుకోవాలి. ఒక్కో రోజు 11 నుంచి 17 కిలోమీటర్లు. టింగిల్ చెట్లు ఈ మూలన తప్ప ప్రపంచంలో ఎక్కడా లేవు. రెండో రోజు జెయింట్స్ క్యాంపు పక్కనే ట్రీ టాప్ వాక్, నేల నుంచి 40 మీటర్ల ఎత్తున ఇనుప వంతెన. చివరి రోజు సముద్రం. పిల్లలు పదేళ్ల లోపు వాళ్లయితే ఇది కూడా బరువే. అప్పుడు కాలముండా నుంచి పది కిలోమీటర్లలో ఉన్న హ్యూయెట్స్ హిల్ క్యాంపుకి ఒక రాత్రి వెళ్లి రండి.

పీస్‌ఫుల్ బే దాటి ముందుకి వెళ్తే ఇర్విన్ ఇన్‌లెట్, అంటే సముద్రానికి ఆనుకున్న నీటి కయ్య. అక్కడ దాటడానికి పడవలు పెట్టారు. రెండు గట్ల మీదా ఎప్పుడూ కనీసం ఒక పడవ ఉండాలి. అవతల ఒక్కటీ మిగలకుండా అన్నీ ఇవతలికి వచ్చేస్తే ఎదురుగా వచ్చేవాళ్లు ఇరుక్కుంటారు. కాబట్టి ఒకటి వెనక కట్టి లాక్కెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చి పెట్టాల్సి రావొచ్చు. లైఫ్ జాకెట్లు వేసుకోండి, బ్యాగులు ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. మధ్యాహ్నం గాలి లేస్తుంది, పొద్దున్నే దాటండి. డెన్మార్క్ దగ్గర విల్సన్ ఇన్‌లెట్ నడిచి దాటేది కాదు. పడవ లేదా కారులో నల్లాకీ వైపుకి వెళ్లాలి, ముందే మాట్లాడుకోవాలి. ఇంకా తూర్పున టోర్బే ఇన్‌లెట్ ముఖం వర్షాకాలంలో తెరుచుకుంటే బాట చుట్టూ తిరిగి పోతుంది. తెరుచుకున్న ఇన్‌లెట్‌ని ఈది దాటబోయి ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు.

డెన్మార్క్ నుంచి ఆల్బనీ దాకా 80 కిలోమీటర్లలో ఒక చరిత్ర ఉంది. మొకారే అనే మెనాంగ్ యువకుడు 1829 డిసెంబరులో నౌకా వైద్యుడు విల్సన్ బృందానికి ఈ ప్రాంతం చూపించాడు. ఇంగ్లిషు పేర్లు ఆ బృందం పెట్టినవి, దారులు మాత్రం మొకారే వాళ్లవి. అడవిని పద్ధతిగా కాల్చి ఆ దారుల్ని నూంగార్లే తెరిచి ఉంచేవాళ్లు. మొకారే 1831లో చనిపోయాడు. ఆల్బనీలో ఆయన విగ్రహం ఉంది. ఆల్బనీని మెనాంగ్‌లు కింజార్లింగ్ అంటారు. ఊరి తూర్పున ఆయిస్టర్ హార్బర్‌లో వేల ఏళ్ల నాటి రాతి చేపల కట్టలున్నాయి. పోటు వచ్చినప్పుడు చేపలు రాతి వరుసల లోపలికి వస్తాయి, ఆటుకి నీరు తీసినప్పుడు చిక్కుకుంటాయి. బాట మీద లేవు, ఆల్బనీలో ఒక రోజు ఉండి కారులో వెళ్లాలి. నీరు తగ్గిన వేళ వెళ్తేనే వరుసలు కనబడతాయి. గట్టు మీద నుంచే చూడండి, రాళ్ల మీద నడవొద్దు. ఊళ్లోని మ్యూజియం ఆఫ్ ద గ్రేట్ సదరన్ ముందు చూసి తర్వాత వెళ్తే ఏం చూస్తున్నామో అర్థమవుతుంది. నా మాట వింటే, డబ్బు పెట్టి ఒక పూట మెనాంగ్ గైడుతో తిరగండి. చెప్పదగిన కథేదో, చెప్పకూడనిదేదో వాళ్లకే తెలుసు.

డైబ్యాక్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, దీన్ని చాలామంది లెక్కచేయరు. ఫైటోఫ్తొరా సిన్నమోమి అనే సూక్ష్మజీవి మట్టితో పాటు బూట్లకి అంటుకుని వ్యాపిస్తుంది. జారా, బాంక్సియా, బల్గా (గడ్డి చెట్టు) లాంటి చెట్ల వేళ్లని కుళ్లబెడుతుంది. ఈ నైరుతి మూలలోని మొక్కల జాతుల్లో 40 శాతం పైగా దీనికి లొంగుతాయి. ఒకసారి సోకిన నేలని బాగుచేసే మార్గం లేదు. బల్గా నూంగార్లకి తిండి, నిప్పు పుల్ల, గొడ్డలికి రాయి అతికించే జిగురు, గుడిసె కప్పు. ఆ చెట్టు పోతే వారసత్వం పోయినట్టే. బాట మీద బూట్లు శుభ్రం చేసే స్టేషన్లుంటాయి. ముందు పొడి బ్రష్‌తో మట్టి మొత్తం దులపాలి, బూటు అడుగున గాడుల సందుల్లోది కూడా. ఆ తర్వాత మెథిలేటెడ్ స్పిరిట్ చల్లాలి. మట్టి ఉండగానే స్పిరిట్ చల్లితే లోపలి జీవి చావదు, చాలామంది చేసే తప్పు అదే. నడక కర్రల మొనలు, గుడారపు మేకులు కూడా తుడవాలి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే బూట్లు శుభ్రంగా, పొడిగా ఉండాలి.

క్యాంపులు మొత్తం 49. ఒక్కోదానిలో మూడు వైపులా గోడలున్న చెక్క షెడ్డు, వాన నీటి ట్యాంకు, గుంట మరుగుదొడ్డి, బల్ల ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, బుకింగు లేదు, ముందొచ్చినవాళ్లకి చోటు. ఎనిమిది మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే బిబ్బుల్‌మన్ ట్రాక్ ఫౌండేషన్‌కి ముందే తెలియజేయాలి. మీ రెండు మూడు కుటుంబాలు కలిస్తే ఆ లెక్క దాటుతుంది. షెడ్డు మొత్తం మనమే ఆక్రమించకుండా గుడారాలు తీసుకెళ్లండి. ట్యాంకు నీళ్లు మరిగించి లేదా వడకట్టి తాగాలి. ట్యాంకు నిండుగా ఉంటుందనుకోవద్దు, ఎండ రోజుల్లో మనిషికి మూడు లీటర్ల చొప్పున మోసుకెళ్లగలగాలి. కుక్కల్ని తీసుకురాకూడదు. నక్కల కోసం విషపు ఎరలు వేస్తారు, కుక్క తింటే బతకదు.

మన తిండి గురించి. పచ్చి పప్పు ఇరవై నిమిషాలు ఉడకబెడితే చిన్న పొయ్యి మీద 40 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది. 230 గ్రాముల సిలిండరు ఒకరికి రోజుకి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు కాచడానికి వారం వస్తుంది. అందుకని వేడి నీళ్లు పోస్తే అయిపోయేవి పట్టుకెళ్లాలి: వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, ఎండబెట్టిన పప్పన్నం, కందిపొడి, పులిహోర ముద్ద, వేరుశనగ చిక్కీ. చిన్న ఊళ్లలో కందిపప్పు, చింతపండు దొరకవు. పార్సెల్ పంపుకోవాలంటే ఆ ఊరి పోస్టాఫీసుకో, దుకాణానికో ముందే ఫోన్ చేసి ఒప్పుకున్నాకే పంపండి, పెట్టె మీద వచ్చే తేదీ రాయండి. గ్యాసు, స్పిరిట్ పోస్టులో పంపకూడదు. పొయ్యికి మరతో బిగించే గ్యాసు సిలిండరు ప్రతి ఊళ్లో ఉండదు, కాలీ, పెంబర్టన్, డెన్మార్క్ లాంటి చోట్ల చూసుకోవాలి. కట్టెల మంట మీద ఆశ పెట్టుకోవద్దు. కొన్ని క్యాంపుల్లో మంట ఎప్పుడూ నిషేధం, నిప్పు నిషేధ కాలంలో ఎక్కడా కుదరదు.

పాము కాటుకి 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న సాగే బ్యాండేజీలు మనిషికి రెండు. కరిచిన చోటు కడగొద్దు, కోయొద్దు, తాడు కట్టొద్దు. కాలో చెయ్యో మొత్తం గట్టిగా చుట్టి, కర్ర ఆనించి కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా అక్కడే పడుకోబెట్టి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేయాలి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి ఆపద బీకన్ ఒకటి తప్పకుండా ఉండాలి, దాన్ని జాతీయ సముద్ర భద్రతా సంస్థ దగ్గర ఉచితంగా రిజిస్టరు చేసుకోవాలి. ప్రతి క్యాంపులో ఉండే రిజిస్టరులో పేరు, వచ్చిన తేదీ, వెళ్లబోయే చోటు రాయండి. తప్పిపోతే వెతికేవాళ్లకి మొదటి ఆధారం అదే.

బయలుదేరడానికి వారం ముందొకసారి, ముందు రోజొకసారి ఫౌండేషన్ వెబ్‌సైటులో మూసిన భాగాలు, దారిమళ్లింపులు చూడండి. వసంతంలో, శరదృతువులో అటవీ శాఖ పద్ధతి ప్రకారం అడవి కాలుస్తుంది, అప్పుడు రోజుల తరబడి కొంత బాట మూతపడుతుంది. కార్చిచ్చు హెచ్చరికలిచ్చే ఎమర్జెన్సీ డబ్ల్యూఏ యాప్ ఫోన్‌లో వేసుకోండి. మీ తేదీలు, పిల్లల వయసు చెప్తే వాల్‌పోల్ ముక్కకి రోజువారీ పథకం, బస్సు ఎక్కే దిగే చోట్లతో సహా కింద రాస్తాను.